విపత్తు ఇచ్చే గడువు: తుఫాను మొదలు వడగాలి వరకు ఇంటిని, మనుషులను కాపాడుకునే విధానం

తెలుగు నేల మీద ప్రకృతి విపత్తు అన్ని చోట్లా ఒకే రూపంలో రాదు. దివిసీమలో తుఫాను అనగానే ఉప్పెన గుర్తుకు వస్తుంది, కోనసీమలో వేళ్లతో సహా కూలిన కొబ్బరిచెట్లు, భద్రాచలంలో గోదావరి నీటిమట్టం, రామగుండం, నల్గొండ వైపు మే నెల ఎండ. అందువల్ల అందరికీ పనికివచ్చే ఒకే జాగ్రత్తల పట్టిక అంటూ ఉండదు. ప్రతి కుటుంబమూ ముందుగా రెండు సంగతులు తేల్చుకోవాలని నా అభిప్రాయం: మన ఇంటిదాకా రాగల ప్రమాదం ఏది, అది వచ్చే ముందు మనకు ఎంత గడువు ఇస్తుంది. తుఫాను మూడు నాలుగు రోజుల ముందే కబురు పంపుతుంది. పెద్ద నది సాధారణంగా ఒకటి రెండు రోజుల వ్యవధి ఇస్తుంది. కొండవాగు, నగరంలోని నాలా గంటల్లోనే పొంగుతాయి. పిడుగు నిమిషాల వ్యవధి మాత్రమే ఇస్తుంది. ఏ పని ఎప్పుడు చేయాలో ఈ గడువును బట్టే నిర్ణయించుకోవాలి.

తుఫాను: రోజుల గడువు

బంగాళాఖాతంలో తుఫానులు ఏటా రెండు కాలాల్లో ఎక్కువగా పుడతాయి: నైరుతి రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, తిరిగి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరోసారి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫాను, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్, మూడూ రెండో కాలానివే. కాబట్టి ఇంటి పైకప్పు మరమ్మతు, ఇంటి మీదికి వంగిన కొమ్మలు కొట్టించడం, మురుగు కాలువ పూడిక తీయించడం వంటి పనులు సెప్టెంబరు దాటకుండా ముగించుకోవాలి. హెచ్చరిక వచ్చాక వెతికితే పనివాళ్లూ దొరకరు, సామానూ దొరకదు.

వాతావరణ శాఖ వాడే మాటలకు కచ్చితమైన కొలతలు ఉన్నాయి. అల్పపీడనం బలపడితే వాయుగుండం, ఆపైన తీవ్ర వాయుగుండం అవుతుంది. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను, 89కి చేరితే తీవ్ర తుఫాను, 118కి చేరితే అతి తీవ్ర తుఫాను అంటారు. ఈ అంకెలను మీ ఇంటికి అన్వయించుకోండి. తాటాకు ఇల్లు తుఫాను స్థాయిలోనే దెబ్బతింటుంది. సరిగా బిగించని రేకుల ఇల్లు తీవ్ర తుఫానును నమ్మకంగా తట్టుకోలేదు. అతి తీవ్ర తుఫాను వస్తుందని చెప్పినప్పుడు గట్టి డాబా ఇంట్లో ఉన్నవారు తప్ప మిగిలినవారెవరూ ఇంట్లో ఉండిపోకూడదు. ఓడరేవుల్లో ఎగురవేసే ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్న ప్రమాద సూచికలు ప్రధానంగా ఓడల కోసం, పడవల కోసం ఉద్దేశించినవి. మూడో నంబరే కదా అని ఇంట్లో ధీమాగా కూర్చోవడం తగదు.

తుఫాను ఎక్కడ తీరం దాటుతుందన్న ఒక్క వార్తనే పట్టుకుని, మన ఊరు కాదు కదా అనుకోవడం తీరంలో తరచుగా కనిపించే ప్రమాదకరమైన నమ్మకం. మన వైపు తుఫాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. సముద్రం నుంచి మన తీరం మీదికి వచ్చే తుఫానుకు కుడి పక్కన, అంటే ఉత్తర, ఈశాన్య దిక్కున ఉన్న ఊళ్లలో గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తూ నీటిని తోసుకొస్తుంది. 1977లో తుఫాను చీరాల సమీపంలో తీరం దాటింది. ఉప్పెన మింగినది మాత్రం దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమను, అక్కడ వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. వాన విషయమూ అంతే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను 5వ తేదీన బాపట్ల వద్ద తీరం దాటింది గానీ, అంతకు ముందే చెన్నై నగరాన్ని నీటిలో ముంచింది. ఉప్పెన విషయంలో మాత్రం తీరం దాటే చోటు మీ ఊరికి దక్షిణాన ఉందని విన్నప్పుడు మరింత అప్రమత్తం కావాలి.

తీరం దాటడానికి ఒక రోజు ముందు పైకప్పును పరీక్షించండి. నిచ్చెన వేసుకుని రేకు అంచును చేత్తో పట్టి పైకి లాగి చూస్తే సంగతి తెలిసిపోతుంది. రేకు కదిలి చప్పుడు చేస్తే హుక్కు వదులైందని, వాషరు అరిగిందని అర్థం. గాలి ముందుగా ఆ అంచు కిందికే దూరి రేకును లేపుతుంది కాబట్టి అంచు వరుసల్లోనూ మూలల్లోనూ హుక్కులు దగ్గర దగ్గరగా ఉండాలి. రేకుల మీద రాళ్లు పెట్టే అలవాటును దయచేసి మానుకోండి. గాలికి రేకు లేస్తే ఆ రాయి ఎవరి తల మీద పడుతుందో తెలియదు. ఇసుక నింపిన గోనె సంచులు కొంత మేలు. తాటాకు ఇంటి మీద పాత వలను పరిచి, దాని అంచులను నాలుగు వైపులా నేలలో లోతుగా దిగ్గొట్టిన గుంజలకు తాళ్లతో లాగి కడితే ఆకు చెదరడం తగ్గుతుంది. అయితే అది ఇంటిని కాపాడే ఉపాయమే గానీ, ఆ ఇంట్లో మనుషులు ఉండవచ్చని దాని అర్థం కాదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి పైకప్పు భయం లేకపోయినా అద్దాల భయం ఉంది. కిటికీ అద్దాలకు టేపు అంటిస్తే అవి పగలకుండా ఉండవు. తెరలు వేసి, అద్దాలకు దూరంగా, కిటికీలు లేని లోపలి గదిలోనో నడవాలోనో కూర్చోవడమే సరైన పద్ధతి. బాల్కనీలో ఉన్న పూలకుండీలు, కుర్చీలు, నీళ్ల డ్రమ్ములు ముందు రోజే లోపలికి తెచ్చుకోవాలి.

సముద్రానికి దగ్గరగా పల్లపు ప్రాంతంలో ఉన్నవారు, కచ్చా ఇళ్లలో ఉన్నవారు తుఫాను రక్షిత భవనానికి వెళ్లవలసింది పగటిపూట, గాలి పెరగక ముందు. వాన మొదలయ్యాక చూద్దామన్నవారు చీకట్లో, పడిన చెట్ల మధ్య, పిల్లలను ఎత్తుకుని నడవవలసి వస్తుంది. ప్రసవ తేదీ దగ్గరపడిన గర్భిణులను, డయాలసిస్ అవసరమైనవారిని, మంచం మీద ఉన్న వృద్ధులను రెండు రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి. పశువులను మెరకకు తోలండి. తోలే వీలు లేకపోతే కనీసం పలుపులు విప్పి వదలండి. కట్టేసిన పశువు నీరు వచ్చినప్పుడు ఈదుకుంటూ బయటపడే అవకాశం కూడా కోల్పోతుంది.

వెంట తీసుకువెళ్లే సంచిలో ఏముండాలన్నది హుద్‌హుద్ నేర్పిన పాఠాలను బట్టి చెప్పవచ్చు. విశాఖపట్నంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు, ఏటీఎంలు మూతబడ్డాయి, పాలకూ పెట్రోలుకూ బారులు తీరవలసి వచ్చింది. కాబట్టి చిన్న నోట్లలో నగదు, కనీసం వారం రోజుల మందులు, మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల లెక్కన తాగునీరు, అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు వంటి వండనక్కరలేని తిండి, టార్చిలైటు, బ్యాటరీతో నడిచే రేడియో, నింపి పెట్టిన పవర్ బ్యాంకు సిద్ధంగా ఉండాలి. ఆధారు, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, బీమా పత్రాలు రెండు పొరల పాలిథిన్ కవరులో పెట్టి మూతి బిగించాలి. వాటి ఫోటోలు తీసి వేరే ఊళ్లో ఉన్న దగ్గరి బంధువుకు ముందే పంపి ఉంచితే మంచిది.

హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు చేయగల మేలు ఒకటి ఉంది. గాలి హోరెత్తుతున్న వేళ పదేపదే ఫోన్ చేసి ఆందోళన పెంచడం కాకుండా, రెండు రోజుల ముందే మాట్లాడి, వారు ఎవరి ఇంటికి వెళతారో, ఎవరు తీసుకువెళతారో, ఏ పూట బయలుదేరతారో తేల్చాలి. పక్కింటివారి నంబరు దగ్గర ఉంచుకోవాలి. తుఫాను వేళ సంక్షిప్త సందేశం చాలు. అది ఫోన్ కాల్ కన్నా సులభంగా చేరుతుంది, వారి బ్యాటరీనీ కాపాడుతుంది.

తుఫాను మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే సంతోషపడి బయటికి రాకండి. తుఫాను కన్ను మీ ఊరి మీదికి వచ్చిందని దాని అర్థం. హుద్‌హుద్ నాడు విశాఖవాసులకు ఇది అనుభవమైంది. ఆ ప్రశాంతత కాసేపే. తరువాత గాలి అంతే బలంగా ఎదురు దిక్కు నుంచి వీస్తుంది. అప్పటిదాకా ఒక పక్కకు వంగి నిలిచిన చెట్లు, గోడలు ఆ రెండో దెబ్బకు కూలుతాయి. తుఫాను పూర్తిగా వెళ్లిపోయిందని అధికారిక ప్రకటన వచ్చేదాకా తలుపు తీయకూడదు.

వరి రైతుకు తుఫాను కోతల కాలంలోనే వస్తుంది. హెచ్చరిక ఉన్నప్పుడు కోత వాయిదా వేయడం, ఇప్పటికే కోసిన పనలను కుప్ప వేసి బరకాలు కప్పడం ముందు పని. చేలో నీరు నిలిస్తే పాయలు తీసి వెంటనే బయటికి పంపాలి. తడిసిన పనల్లోనూ పడిపోయిన చేలోనూ గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి పిచికారీ చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తారు. ఈ పని వాన తగ్గిన మొదటి రోజే చేస్తే ఫలితం ఉంటుంది, మూడో రోజుకు మొలక కనిపించాక చేసి ప్రయోజనం లేదు.

గోదావరి, కృష్ణా తీరాలు: ఒకటి రెండు రోజుల గడువు

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగులకు చేరింది, 2022 జూలైలో 71.3 అడుగులు దాకా వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ఈ మూడు హెచ్చరికల మట్టాలు 11.75, 13.75, 17.75 అడుగులు. ఈ అంకెలు టీవీలో విని వదిలేస్తే ఉపయోగం లేదు. భద్రాచలంలో ఎన్ని అడుగులు ఉన్నప్పుడు మీ ఊరి రోడ్డు మునిగింది, ఎన్ని అడుగులకు మీ వాకిట్లోకి నీరు వచ్చింది, ఎన్ని అడుగులకు గడప దాటింది అన్నవి ఇంట్లో పెద్దవాళ్లనూ ఇరుగుపొరుగునూ అడిగి, ఆ మట్టాలను గోడ మీద రంగుతో గీతలు గీసి, పక్కన అంకె, సంవత్సరం రాసి ఉంచండి. లంక గ్రామాలవారు ధవళేశ్వరం అంకెలతో తమ కాజ్‌వేకు ఇదే లెక్క కట్టుకోవాలి. ఇలా గుర్తు పెట్టుకున్న కుటుంబానికి, భద్రాచలంలో 50 అడుగులు అన్న వార్త వినగానే తమ ఇంటికి ఎంత దూరంలో నీరు ఉందో తెలుస్తుంది. నది దారిలో కొత్త కట్టడాలు వచ్చినప్పుడు పాత గుర్తులు మారవచ్చు కాబట్టి ఇటీవలి వరదల గుర్తులకే ఎక్కువ విలువ ఇవ్వండి.

కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం వైపు ఉన్నవారు మరో సంగతి గమనించాలి. శబరి నది భద్రాచలానికి దిగువన, కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఎగపోటు తన్నితే శబరి నీరు వెనక్కి మళ్లి ఊళ్లను చుట్టుముడుతుంది. భద్రాచలంలో మట్టం నిలకడగా ఉందన్న వార్త ఒక్కటే వారికి భరోసా కాదు, శబరి పరివాహకంలో పడే వాననూ చూసుకోవాలి.

నది ఒడ్డున ఊరు ఖాళీ చేయవలసిన సమయం రోడ్డు మునగడానికి ముందు, ఇల్లు మునగడానికి ముందు కాదు. ఈ తేడాను నేను ప్రత్యేకంగా నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది గడప దగ్గరి నీటిని చూస్తూ ఉండిపోతారు, ఈలోగా వెళ్లే దారి మూసుకుపోతుంది. ఆపైన పడవలే దిక్కు. ఏటిగట్టు మీద బుంగలు పడి నీరు చిమ్ముతున్నట్టు కనిపిస్తే సొంతంగా పూడ్చే ప్రయత్నంలో కాలం గడపకుండా గ్రామ సచివాలయానికో పంచాయతీకో జలవనరుల శాఖ సిబ్బందికో వెంటనే తెలియజేయాలి. రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూము నంబరు 1070, అత్యవసర సహాయానికి 112.

నీరు తీశాక ఇంట్లోకి వెళ్లేటప్పుడు కర్రతో ముందు తడుముతూ వెళ్లండి. పాములు, తేళ్లు మెరక కోసం అటకల మీదికి, దుస్తుల మూటల్లోకి చేరతాయి. గోడలు తడిసి స్విచ్చుబోర్డులు చెమ్మగిల్లి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకూడదు. బావి నీటినీ బోరు నీటినీ ఆరోగ్య సిబ్బంది క్లోరినేషన్ చేసేదాకా మరిగించి చల్లార్చి తాగాలి. శుభ్రం చేయడం మొదలుపెట్టక ముందే నీటి గుర్తు కనిపించేలా గోడలు, పాడైన సామాను, చేను, చనిపోయిన పశువుల ఫోటోలు తీయండి. నష్టం అంచనాకు వచ్చే సిబ్బందికి కడిగి తుడిచిన ఇల్లు ఏమీ చెప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో పంట నష్టపరిహారానికి ఈ-క్రాప్ నమోదు, అంటే ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితాలో ఎక్కించడం, కీలకం కాబట్టి ఆ పని పంట వేసిన కాలంలోనే చేయించుకోవాలి. కౌలు రైతులకు ఇది మరీ అవసరం, నమోదులో సాగుదారు పేరు లేకపోతే పరిహారం అందడం కష్టమవుతుంది.

నగరం: గంటల గడువు

2020 అక్టోబరులో హైదరాబాదులో కురిసిన వాన, 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు వాగు నగరవాసులకు ఒకే సంగతి చెప్పాయి: నాలా, వాగు, చెరువు అలుగు దారిలో ఉన్న కాలనీకి సముద్రం దూరమైనా వరద దూరం కాదు. విజయవాడలో సింగ్‌నగర్ వంటి చోట్ల నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. అందువల్ల కింది అంతస్తులో ఉండేవారు మూడు రోజుల తిండి, నీరు, మందులు ఎక్కడ పెట్టుకోవాలో, పై అంతస్తులో ఎవరింట్లో తలదాచుకోవాలో ముందే మాట్లాడుకోవాలి. ఇల్లు కొనేటప్పుడూ అద్దెకు తీసుకునేటప్పుడూ దగ్గరి కిరాణా కొట్టువారిని పెద్ద వానకు నీరు ఎందాకా వస్తుందని అడగడం మంచిది.

నీరు వాకిట్లోకి వస్తుండగానే మెయిన్ స్విచ్ కట్టేయండి, గ్యాసు సిలిండరు రెగ్యులేటరు మూసేయండి. పారుతున్న నీటిలోకి దిగకండి. పాదాలు దాటిన ప్రవాహం కూడా మనిషిని పడదోయగలదు, మోకాలి లోతు ప్రవాహం కారును కదిలించగలదు, తెరిచి ఉన్న మ్యాన్‌హోలు పైనుంచి కనిపించదు. మునిగిన కారునూ బండినీ స్టార్టు చేసి చూడకూడదు, నీరు ఇంజిన్‌లోకి వెళ్లి మొత్తం పాడవుతుంది, బీమా సొమ్ము రావడానికి కూడా అది అడ్డంకి అవుతుంది. వరద నీరు కలిసిన సంపును పూర్తిగా ఖాళీ చేసి కడిగిన తరువాతే వాడాలి.

పిడుగు: నిమిషాల గడువు

ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఈదురుగాలులతో వచ్చే వానల్లో పిడుగులకు బలయ్యేవారిలో ఎక్కువమంది పొలంలో ఉన్న కూలీలు, గొర్రెల కాపరులు, రైతులు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేలోపు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. ముప్ఫై సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే పని ఆపి వెంటనే డాబా ఇంట్లోకో తలుపులు మూసిన కారులోకో చేరాలి. చివరి ఉరుము తరువాత అరగంట వరకు బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడడం, విడిగా ఉన్న పాకలో తలదాచుకోవడం, ట్రాక్టరు మీద కూర్చుని ఉండడం ప్రమాదకరం. దగ్గరలో ఏ ఆసరా లేకపోతే గుంపుగా కాకుండా విడివిడిగా, పాదాలు దగ్గరకు చేర్చి, తల దించి, చెవులు మూసుకుని గొంతుక్కూర్చోవాలి, నేల మీద పడుకోకూడదు. దామిని అనే ఉచిత యాప్ మీరున్న చోటుకు దగ్గరలో పిడుగుల సంగతి చెబుతుంది, ఊరికి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో అది ఉన్నా మిగతావారిని పిలిచి హెచ్చరించవచ్చు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొట్టదు. ఊపిరి ఆగి ఉంటే ఛాతీ మీద బలంగా, లయగా నొక్కుతూ 108కి ఫోన్ చేయించాలి.

వడగాలి: గడువు ఉన్నా పట్టించుకోని విపత్తు

2015 మే నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఇల్లు కూలదు, రోడ్డు మునగదు కాబట్టి దీనిని విపత్తుగా భావించేవారు తక్కువ. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగినప్పుడు, లేదా నేరుగా 45 డిగ్రీలకు చేరినప్పుడు వడగాలులుగా పరిగణిస్తారు. తీరంలో 37 డిగ్రీల దగ్గరే ఆ లెక్క మొదలవుతుంది, ఎందుకంటే గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాబట్టి కాకినాడలోని 38ని రామగుండంలోని 44 కంటే తేలికగా తీసుకోవద్దు.

ఉపాధి హామీ, భవన నిర్మాణం, తోపుడుబండి వంటి పనుల్లో ఉన్నవారు తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండు గంటలకల్లా ఎండలోంచి తప్పుకోవాలి, మేస్త్రీలూ యజమానులూ పనివేళలు మార్చి అందుకు వీలు కల్పించాలి. దాహం వేసేదాకా ఆగకుండా మజ్జిగ, అంబలి, ఉప్పు వేసిన గంజి తాగుతూ ఉండాలి. ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలుపుకోవచ్చు. రేకుల ఇళ్లలో మధ్యాహ్నం లోపల ఉండడం బయట ఉండడం కంటే మేలు కాదు. పైన కొబ్బరాకులు, తడి గోనెలు పరచడమో, వృద్ధులను ఆ మధ్యాహ్నపు వేళ పక్కనున్న డాబా ఇంటికో చెట్టు నీడకో చేర్చడమో చేయాలి.

మనిషి తడబడుతూ పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ అని గుర్తించాలి. చెమట పడుతోంది కదా అని ఆ అనుమానం వదులుకోవద్దు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి, చంకల్లో, గజ్జల్లో, మెడ పక్కన ఐసు గడ్డలు బట్టలో చుట్టి పెట్టాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108 వచ్చేదాకా చల్లబరచడం ఆపవద్దు, సొంత వాహనంలో తీసుకువెళుతున్నా దారి పొడవునా ఒళ్లు తడుపుతూనే ఉండాలి.